మూత తీసి మార్కులేసిన బీరు

ఆరిగన్ రాష్ట్రంలోని ఆల్డర్ క్రాసింగ్ ఊరి ఇంటి బీరు తయారీదారుల సంఘం ఫిబ్రవరి మాసపు సమావేశంలో ఒక ముఖ్యమైన తీర్మానం చేసింది. ప్రపంచంలో చెడ్డ బీరు అనేది లేదనీ, తప్పు విభాగంలో పోటీకి పంపిన బీరు మాత్రమే ఉంటుందనీ, ఈ సత్యాన్ని సభ్యులందరూ ఇకమీదట గుర్తుంచుకుని మెలగవలసిందనీ దాని సారాంశం. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకించదలచిన ఇద్దరు సభ్యులు ఆ సమయానికి మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడి ఉన్నారు. బీరు సంఘంలో ప్రతి తీర్మానానికీ ఇలాంటి అదృష్టం పడుతుంది కాబట్టే అక్కడ పద్దెనిమిదేళ్ళుగా అభిప్రాయభేదం అన్నది తలెత్తలేదు.

సంఘం గురించి తెలియనివారు ఆ కౌంటీలో లేరు. తెలిసినవారు దాని జోలికి పోరు. ప్రతి నెలా రెండో గురువారం పశువుల దాణా కొట్టు మేడమీద పదకొండు మంది సభ్యులు కలుస్తారు. గ్లాసును దీపానికి అడ్డంగా పట్టుకుని ఒంటికన్నుతో చూడడం, ముక్కు లోపలికి దూర్చి మూడుసార్లు పీల్చడం, ఒక గుక్క నోట్లో వేసుకుని ఎవరికి వారు గోడవైపు తిరిగి నిలబడడం, తర్వాత కాగితం మీద యాభైకి ఇన్ని మార్కులని వేయడం, ఇవీ అక్కడి కార్యక్రమాలు. తాగడం అనేది కార్యక్రమంలో లేదు. తాగుబోతులను సంఘం చేర్చుకోదు. రుచి చూడడం మాత్రం గంటల తరబడి సాగుతుంది.

వీరికి ఒక గ్రంథం ఉంది. అందులో బీరు నూట ఇరవై రకాలని తేల్చారు. ఏ రకం ఎంత నల్లగా ఉండాలో, ఎంత చేదుండాలో, నురగ ఎంతసేపు నిలవాలో, ఏ పండు వాసనను ఎంతమేరకు క్షమించవచ్చో అంకెలతో సహా రాసిపెట్టారు. కనుక పుట్టిన ప్రతి బీరుకూ ఒక గోత్రం ఉండాలి. గోత్రం చెప్పలేని బీరు ఎంత కమ్మగా ఉన్నా దాన్ని పంక్తిలో కూర్చోబెట్టరు. ఇరవై మార్కులిచ్చి, కాగితం అడుగున "తాగడానికి హాయిగా ఉంది, విచారిస్తున్నాము" అని రాసి వెనక్కి పంపుతారు.

అధ్యక్షులు డాక్టర్ క్లిఫర్డ్ బెక్‌విత్ విశ్రాంత దంతవైద్యులు. నలభై ఏళ్ళు ఊరివాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసిన ఆ మహనీయుడు, పదవీ విరమణ తర్వాత దృష్టిని తన నోటి మీదికి మళ్ళించారు. ఆయన ముక్కుకు అందనిది లేదు. ఒకరి బీరులో లవంగమూ అరటిపండూ కనిపెట్టేవారు. ఇంకొకరి బీరులో తడిసిన అట్టపెట్టె. మరొకరి దాంట్లో వానలో నానిన గుర్రపు కంబళి. ఆ కంబళి సభ్యుడు బిక్కచచ్చిపోయి చూస్తుంటే, "బెల్జియం విభాగంలో అయితే ఇది సుగుణమయ్యా" అని డాక్టరుగారు వెన్నుతట్టారు. ఆ సభ్యుడు నేరుగా ఇంటికి వెళ్ళి, మనం ఒక గుర్రాన్ని కొందామా అని భార్యను అడిగాడని వినికిడి.

కార్యదర్శి పేరు మెర్ల్ గుస్తాఫ్‌సన్. కౌంటీ రోడ్ల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు రోడ్డు మధ్య పసుపు గీతలు వేయించిన ఉద్యోగి. గీత దాటిన బండిని చూసినా, గీత దాటిన బీరును చూసినా అతనికి ఒకేలా మనసు కష్టపెట్టుకునే అలవాటు. బీరు న్యాయనిర్ణేతల పరీక్ష మూడో దండయాత్రలో గట్టెక్కి, ఆ పట్టాకు ఫ్రేము కట్టించి గరాజు గోడకు తగిలించాడు. అంతకుముందు ఆ మేకుకు అతని పెళ్ళిఫోటో ఉండేది. గరాజులో ఇప్పుడు పీపాలూ గొట్టాలూ మరిగించే పాత్రలూ ఉంటాయి. కారు బయట వానలో ఉంటుంది. ఆరిగన్‌లో వాన అంటే ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు కనుక, కారుకూ అలవాటైపోయింది.

సంఘంలో చేరకముందు, అంటే ఆరేళ్ళ కిందట, మెర్ల్‌కు ఒకే ఒక్క బీరు చేయడం వచ్చు. ముదురు బెల్లం రంగులో ఉండేది. జామ్ సీసాలు మరిగించే పెద్ద గిన్నె ఒకటి ఇంట్లో ఉండేది. దాంట్లో వేడినీళ్ళు పోసి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్టు, నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి, చేదు కోసం గుప్పెడు హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లారాక పులియడానికి ఈస్టు కలిపి, బకెట్టులో పోసి మూత బిగించేవాడు. ఆ తర్వాత మూడు వారాలు దాని సంగతి మరచిపోయేవాడు. ఆ వంటకంలో అన్నిటికన్నా ముఖ్యమైన దినుసు మరచిపోవడమేనని అప్పట్లో అతనికి తెలియదు. సెప్టెంబరు శనివారాల్లో ఇరుగుపొరుగులు మడతకుర్చీలు తెచ్చుకుని గరాజు ముందు చేరేవారు. ఆ బీరు మీద వెలువడిన విమర్శ మొత్తం కలిపి ఒక్క వాక్యం: "ఇంకోటి పొయ్యి, మెర్ల్."

సంఘంలో చేరాక మెర్ల్ ఎదిగాడు. ఇరవై రెండు రకాలు నేర్చాడు. గ్లాసు చేతికిచ్చే ముందు పొరుగువాణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగేవాడు, తాగుతున్నంతసేపూ వాడి ముఖంలోకి చూస్తూ నిలబడేవాడు, తాగాక ఇంకో నాలుగు అడిగేవాడు. మొదటి ఏడాది కుర్చీలు సగమయ్యాయి. రెండో ఏడాది ఎదురింటి ఆసామి ఒక్కడే వచ్చాడు. అతనూ మూడో వారం గుమ్మంలోంచే చెయ్యూపి, "డాక్టరు వద్దన్నాడు మెర్ల్" అని చెప్పి, తిన్నగా బారుకు వెళ్ళాడు. దీన్ని మెర్ల్ ప్రజల అభిరుచి స్థాయికి సంబంధించిన విషయంగా పరిగణించి, ఆ మేరకు సంఘానికి నివేదిక సమర్పించాడు.

ఇలా ఉండగా అతని కూతురు కారిన్‌కు జూన్ పద్నాలుగున పెళ్ళి నిశ్చయమైంది. ఆమె పోర్ట్‌లాండ్‌లో నర్సు. వరుడు నెల్స్ స్టామ్ వడ్రంగం చేస్తాడు. మార్చిలో ఒక ఆదివారం కారిన్ భోజనానికి వచ్చి, తల్లి బెర్నీస్ వడ్డిస్తుండగా విషయం కదిపింది.

"నాన్నా, పెళ్ళికి నువ్వేం కొనిపెట్టక్కర్లేదు. నీ పాత బ్రౌన్ బీరు చెయ్యి, చాలు."

"పాతదెందుకమ్మా? ఇప్పుడు నాకు ఇరవై రెండు రకాలొచ్చు. పొగబెట్టిన మాల్టుతో చేసేది ఒకటుంది, దానికి రాష్ట్రస్థాయిలో..."

"అందుకే ముందే చెప్తున్నా. ఆ ఇరవై రెండూ వద్దు. సంఘంలో చేరకముందు చేసేవాడివి చూడు, అదీ. నాకు ఇరవై ఒకటి నిండిన రోజున నువ్వు పోసిచ్చావే, అదీ."

"అది ఏ విభాగంలోకీ రాదే!"

"నా పెళ్ళిలోకి వస్తుందిలే."

మెర్ల్ ముఖం తిప్పుకున్నాడు. ఆరేళ్ళలో అతన్ని నోరు తెరిచి బీరు చేసిపెట్టమని అడిగిన మనిషి లోకంలో ఈ పిల్ల ఒక్కతే. కళ్ళు చెమర్చాయి. ఈ ఒక్కటీ సరిగా చేసి కూతురి చేతిలో పెడితే చాలు, ఇంకే పతకమూ అక్కర్లేదనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా నిజంగానే అనుకున్నాడు.

ఏప్రిల్ చివరి వారంలో, పాత నోటుపుస్తకంలోని మూడు వాక్యాల లెక్క ప్రకారం, నూట ఇరవై మంది అతిథులకు సరిపడేలా పెద్ద డ్రమ్ములో బీరు కలిపి మూత బిగించాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ కార్యదర్శి అన్నవాడు ఊరుకోలేడు. నెలవారీ నివేదికలో "సభ్యుల సొంత కార్యకలాపాలు" అన్న శీర్షిక కింద ఆ సంగతి రాశాడు.

డాక్టరుగారు అది చదివి లేచి నిలబడ్డారు. "మిత్రులారా, మన కార్యదర్శి కూతురి పెళ్ళిలో పోసే బీరు మెర్ల్ ఒక్కడిదేనా? కాదు. అది మన సంఘం ముఖం. రేపు ఆ హాల్లో నూట ఇరవై మంది గ్లాసెత్తితే, వాళ్ళు ఎత్తేది మనల్ని. ఆ డ్రమ్మును అనాథలా గరాజులో వదిలేద్దామా? ఎంత బాధ్యతారాహిత్యం!"

వదిలేయకూడదని తీర్మానించారు. పదకొండు మంది వంతులవారీగా రోజూ వెళ్ళి, మూత తీసి, రంగూ వాసనా రుచీ పరీక్షించి, మార్కులు వేసి రావాలి. మూత తీయకు అన్నది ఈ విద్యలో మొదటి పాఠం. గాలి తగిలినా, చెయ్యి తగిలినా లోపలిది చెడుతుందని మొదటిరోజు బకెట్టు కొన్నవాడికి కూడా కొట్టువాడు చెప్పి పంపిస్తాడు. సంఘంలో అందరూ పై తరగతుల్లో ఉన్నారు గనుక అది ఎవరికీ జ్ఞాపకం రాలేదు. మెర్ల్‌కు వచ్చింది. కానీ తన బీరు మీద ఇంతమంది శ్రద్ధ చూపించడం అతనికి అదే మొదలు.

శుభ్రత విషయంలో సంఘాన్ని వేలెత్తి చూపలేరు. బీరు తీసే గాజు గొట్టాలను ప్రతివారూ శుద్ధిచేసే మందునీళ్ళలో ముంచి తీసేవారు. డాక్టరుగారి పద్ధతి ఇంకా ఒక మెట్టు పైన ఉండేది. ఆ మందు వాసన తన ముక్కుకు అడ్డొస్తుందని, ఆయన ముంచిన గొట్టాన్ని మళ్ళీ కుళాయి నీళ్ళలో కడిగి, రుమాలుతో తుడిచి, కోటు లోపలి జేబులో దువ్వెన పక్కన పెట్టుకుని తెచ్చేవారు. ఆయన వంతు సోమవారం, గురువారం. మిగతా రోజుల్లో కూడా ఆ దారిన వెళ్తూ ఆగేవారు.

మార్కుల కాగితాలను గరాజు గోడకు వరసగా అంటించారు. మొదటి వారం: "బిస్కెట్టు, పల్చటి తేనె. ముప్పై ఆరు." రెండో వారం చివర: "ఒక అంచున చిరుపులుపు. సంక్లిష్టత ఉదయిస్తున్నట్టుంది. ముప్పై ఏడు." నాలుగో వారం: "పచ్చి ద్రాక్ష. దూరంగా, ఎక్కడో, మేక. ముప్పై తొమ్మిది." బీరు దిగుతున్న కొద్దీ మార్కులు ఎక్కాయి. పంతొమ్మిదో రోజున మెర్ల్ నాలుక అతనితో సూటిగా, ఇది పాడైపోతోందిరా, అని చెప్పింది. అతను కలం తీసుకుని కాగితం దగ్గరికి వెళ్ళాడు. అంతకుముందు వచ్చినవాడు "సంక్లిష్టత" అని రాసి వెళ్ళాడు. మెర్ల్ కూడా సంక్లిష్టత అనే రాశాడు.

పెళ్ళి తొమ్మిది రోజులుందనగా బెర్నీస్ చేపల కోసం గరాజులోని ఫ్రీజరు తెరవడానికి వెళ్ళింది. ఆమె ముప్పై ఏళ్ళు బడి వంటశాల నడిపిన మనిషి. డ్రమ్ము దగ్గర గాలి పీల్చి ఆగింది. చెంచాడు తీసి నోట్లో పోసుకుంది.

"మెర్ల్! ఇటురా. ఇది పుల్లబడిపోయింది."

"పులుపు కాదే, అది ఆమ్లత్వం."

"ఆమ్లత్వమంటే?"

మెర్ల్ కాసేపు నేలచూపులు చూశాడు. "పులుపే."

"మరి?"

"అలా తీసిపారేయకు. గోడ మీద చూడు, ముప్పై తొమ్మిది మార్కులు."

"నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి పాలు పోశానయ్యా. పాలు విరిగితే పారబోశానే గాని మార్కులెయ్యలేదు. వెళ్ళు, కొట్లో నాలుగు పీపాల బీరు కొనుక్కొచ్చి పడెయ్యి. అమ్మాయికి ఫోన్ చేసి, ఇలా చెడిపోయింది తల్లీ అని చెప్పు. దానికి కోపం రాదు. నీ కూతురే కదా."

మెర్ల్ తలూపాడు. చెబుదామనే ఫోన్ తీశాడు. కారిన్ పేరు దాకా వచ్చి, వేలు ఆగిపోయి, డాక్టరుగారికి చేశాడు.

అత్యవసర సమావేశం గరాజులోనే జరిగింది. పదకొండు మంది పదకొండు గ్లాసులతో గోడవైపు తిరిగి నిలబడ్డారు. అక్కడ గోడ చాలక ఇద్దరు ఫ్రీజరు వైపు తిరిగారు. చివరికి డాక్టరుగారు గ్రంథం తెరిచి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి, వచ్చి మెర్ల్ భుజం మీద చెయ్యి వేశారు.

"మెర్ల్, నువ్వు తప్పు చెయ్యలేదు. నీకు తెలియకుండానే నువ్వు బెల్జియంలో ఉన్నావు."

ఫ్లాండర్స్ ప్రాంతపు పాతకాలపు పుల్ల బ్రౌన్ బీరు అని ఒక రకం ఉందట. పులుపు అక్కడ దోషం కాదు, లక్షణం. మేకను "పల్లెపట్టు స్వభావం" అన్న పద్దు కిందికి మార్చారు. ఆ విభాగం ప్రకారం మళ్ళీ లెక్కవేస్తే నలభై నాలుగు మార్కులు వచ్చాయి. సంఘం చరిత్రలో అంతకుమించిన మార్కులు ఎవరికీ రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మెర్ల్ ఒక్కడూ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"కానీ డాక్టర్, మా అమ్మాయి అడిగింది ఇది కాదు కదా?"

"అడిగింది తెచ్చివ్వడం హోటల్ సర్వరు పనయ్యా. మనది అభిరుచి పెంచే పని."

అభిరుచి దానంతట అది పెరగదు కాబట్టి ఒక కార్డు అచ్చువేయించి ప్రతి బల్ల మీదా పెట్టాలని నిర్ణయించారు. మందపాటి మీగడరంగు కాగితం. దాని మీద ఇలా ఉంది: "ఈ అపురూప పానీయాన్ని మొదటి గుక్కతో అంచనా వేయరాదు. ముందు చెర్రీపండు, ఆ వెనుక పాత తోలు, చివర పల్లెపట్టు జ్ఞాపకాలు. మూడో గుక్కకు నోరు విచ్చుకుంటుంది. విచ్చుకోనివారు నాలుగో గుక్క ప్రయత్నించగలరు."

పెళ్ళి ఊరి చివర రైతుల సంఘం హాల్లో జరిగింది. కాల్చిన సాల్మన్ చేప, బంగాళాదుంపల సలాడ్, స్ట్రాబెర్రీ కేకు, అన్నీ బాగున్నాయి. వాటికి కార్డులు లేవు. ఇక డ్రమ్ములోంచి పీపాకు మార్చి తెచ్చిన బీరు సంగతి. ప్రతివారూ ఒక గుక్క తాగేవారు. ముఖం ఒక్కసారి చింతకాయ కొరికినట్టు ముడుచుకునేది. అంతలో చెయ్యి కార్డు మీదికి వెళ్ళేది. పెదవులు కదిలేవి. ముఖం మెల్లగా విప్పుకుని, మ్యూజియంలో బొమ్మ ముందు నిలబడినవాడి ముఖంలా గంభీరంగా తయారయ్యేది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని "చెర్రీ" అన్నారు. పక్కావిడ తోలు దాకా వెళ్ళింది. ఆమె భర్త తానింకా చెర్రీ దగ్గరే ఉన్నానని ఒప్పుకుని, తోలు వచ్చేదాకా తాగుతానని ఇంకో గ్లాసు తెచ్చుకున్నాడు.

వరుడి తాత ఓర్విల్ స్టామ్ ఒక్కడే సభామర్యాద పాటించలేదు. ఎనభై ఏడేళ్ళ మనిషి. ఒక గుక్క నోట్లో పోసుకుని, నేప్‌కిన్‌లో ఊసి, హాలంతా వినపడేలా, "చెడిపోయింది" అన్నాడు.

డాక్టరుగారు ఇంకో ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని వెళ్ళి అతని చుట్టూ కూర్చున్నారు. ఫ్లాండర్స్ గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. ఓర్విల్ ఓపిగ్గా విన్నాడు.

"అయిందా అబ్బాయ్? నేను అరవై ఏళ్ళు హాప్స్ పండించాను. ఈ పులుపు తోటలోంచి రాలేదు, ఫ్లాండర్స్‌లోంచీ రాలేదు. ఎవడో చేతులు కడుక్కోలేదు."

డాక్టరుగారు జాలిగా తలపంకించారు. వయసు పైబడితే ముందుగా పోయేది నాలుకేనని వైద్యపరంగా అందరికీ వివరించి, పెద్దాయన్ని గాలి బాగా తగిలే చోటికి, అంటే హాలుకు అవతలి చివరకు, సగౌరవంగా మార్పించారు.

మెర్ల్ ఇదంతా చూడడం లేదు. అతను చూస్తున్నది కారిన్ చేతిలోని గ్లాసును. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు నాయనమ్మ చేసిన కేకు తిని, ఇసుకలా ఉందని నాయనమ్మ ముఖానే చెప్పిన పిల్ల. ఇప్పుడు కూడా ఒక్క 'ఛీ' అంటే చాలు. ఆ మాటతో అతను బతికిపోతాడు. అక్కడికక్కడే క్షమాపణ అడిగి, కారేసుకుని వెళ్ళి నాలుగు పీపాలు కొనుక్కొస్తాడు. కారిన్ తాగింది. కనుబొమలు కొంచెం లేచాయి. చూపు కార్డు మీద వాలింది. అక్కణ్ణుంచి హాల్లోని నూట ఇరవై మంది మీదికి వెళ్ళింది. మళ్ళీ తండ్రి దగ్గరికి వచ్చి నవ్వింది.

"చెర్రీలాగా ఉంది నాన్నా. ఆ తర్వాత కొంచెం... తోలు."

ఆరేళ్ళలో తను ఇంటికి తెచ్చిన ఏ పతకమూ చేయనంత చేటు ఈ నలభై నాలుగు మార్కులు చేశాయని మెర్ల్‌కు అప్పుడు అర్థమైంది. అబద్ధం అంటే తెలియని పిల్లకు తనే అబద్ధం పోసిచ్చాడు.

తండ్రి మాట్లాడవలసిన సమయం వచ్చింది. ముందుగా డాక్టరుగారు మైకు అందుకుని, నాగరికతకూ పులుపుకూ గల సంబంధం మీద క్లుప్తంగా పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు. తర్వాత మెర్ల్ లేచాడు. జేబులో రాసుకొచ్చిన కాగితం ఉంది. తీయలేదు.

"ఈ బీరు చెడిపోయింది," అన్నాడు. "ఓర్విల్‌గారు చెప్పింది నిజం. చెడగొట్టింది నేను. అయిదు వారాలు రోజూ మూత తీసి చూశాం. దాని మానాన దాన్ని వదిలెయ్యడం నాకు చేతకాలేదు. కారిన్, నువ్వు అడిగింది ఇది కాదమ్మా. నువ్వు ఒక్కటే అడిగావు, అదీ చెయ్యలేకపోయాను. నన్ను క్షమించు."

నాలుగైదు గ్లాసులు గాల్లోనే ఆగాయి. ఒకరిద్దరు గ్లాసు కింద పెట్టడానికి సిద్ధమయ్యారు కూడా. అప్పుడు డాక్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"చూశారా? విన్నారా? ఇదీ వినయమంటే! నలభై నాలుగు మార్కుల బీరు చేసి, అది తన తప్పని చెప్పుకునే మనిషిని మీరు ఇంకెక్కడైనా చూశారా?"

చప్పట్లతో రేకుల కప్పు దద్దరిల్లింది. జనం కుర్చీల్లోంచి లేచి నిలబడి కొట్టారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వధువు తండ్రులు చేసిన ప్రసంగాల్లో ఇంత గొప్పది ఆ హాల్లో వినలేదని పెద్దలు అన్నారు. వెనక బల్ల దగ్గర ఇద్దరు సభ్యులు అలవాటు కొద్దీ ప్రసంగానికి నలభై ఆరు మార్కులు వేశారు. ముగింపు కాస్త పొడిగా ఉందని నాలుగు తగ్గించారు. అవతలి చివర ఓర్విల్, "చెప్పానా లేదా" అని చాలాసార్లు అన్నాడు. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

తండ్రీకూతుళ్ళు కలిసి ఆడే నాట్యం అప్పుడు మొదలైంది. మెర్ల్ కూతురి చెయ్యి పట్టుకుని, ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"నిజంగానే చెడిపోయిందమ్మా. వినయం కాదు, ఏం కాదు."

"తెలుసు నాన్నా. మొదటి గుక్కలోనే తెలిసింది."

"మరి చెర్రీ అన్నావేం?"

"అందరూ అంటున్నారుగా. నాకే తెలియడం లేదేమో అనుకున్నా."

పాట అయిపోయాక మెర్ల్ బల్ల బల్లకూ తిరిగాడు. పాస్టరుగారిని పక్కకు పిలిచి అడిగాడు. ఎదురింటి ఆసామిని అడిగాడు. తోలు దాకా వెళ్ళినావిడను అడిగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఒకరి తర్వాత ఒకరు ఒకే రహస్యం చెప్పారు. బీరు బాగాలేదని మొదటి గుక్కలోనే తెలిసిందట. తమ నాలుకకే ఏదో లోపం ఉందనుకున్నారట. ఈ మాట ఇంకెవరికీ చెప్పవద్దని బతిమాలారు కూడా. మెర్ల్ ఆ రహస్యాలన్నీ మోసుకుని పీపా దగ్గరికి వెళ్ళేసరికి అది ఖాళీగా ఉంది.

పీపాలో చుక్క మిగలనందున సదరు బీరు శ్రేష్ఠత నిర్వివాదంగా రుజువైనదని సంఘం జూన్ నివేదికలో నమోదయింది. అది మెర్ల్ చేతిరాత కాదు. అతను అప్పటికే కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చాడు. ఆరోగ్య కారణాలు అని రాశాడు. వేరే కారణాలకు ఆ పత్రంలో గడి లేదు.

జూలైలో అతను పాత గిన్నె కిందికి దించాడు. మాల్టు నానబెట్టి, వడగట్టి, పూలు వేసి మరిగించి, చల్లార్చి, బకెట్టులో పోసి మూత బిగించాడు. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. ఇరవై ఒక్క రోజులు గరాజు తలుపు ముందు కుర్చీ వేసుకుని, తన నుంచి ఆ బకెట్టును తనే కాపలా కాశాడు. బెర్నీస్ అతని గాజు గొట్టాన్ని పిండి డబ్బాలో దాచింది. మూడు వారాల తర్వాత మూత తీసి చెంచాడు నోట్లో పోసుకున్నాడు. పాత రుచి, అణువంత కూడా తేడా లేదు.

సీసాల్లో నింపి, మరో రెండు వారాలు ఆగి, ఆరు సీసాలు కారులో పెట్టుకుని పోర్ట్‌లాండ్ వెళ్ళాడు. కారిన్, నెల్స్ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మెర్ల్ రెండు గ్లాసులు నింపి, కావాలనే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తాగుతున్నవాళ్ళ ముఖంలోకి చూడకూడదని దారి పొడవునా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. కానీ కిటికీ అద్దంలో అంతా కనపడింది. మొదటి గుక్కకు కారిన్ భుజాలు జారాయి. రెండో గుక్కకు కళ్ళు మూతపడ్డాయి. గ్లాసు దించకుండా తాగేసి, పెదవి మీది నురగ నాకేసుకుంది. నెల్స్ గ్లాసు అప్పటికే ఖాళీ.

మెర్ల్ ఇటు తిరిగాడు. "ఎలా ఉందమ్మా?"

"మీ సంఘంవాళ్ళు ఏమన్నారు నాన్నా?"

"ఎవరికీ ఇవ్వలేదు. తాగింది మీరిద్దరే. నువ్వు చెప్పు."

కారిన్ నెల్స్ వైపు చూసింది. నెల్స్ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద ఏమీ రాసిలేదు.

"బాగున్నట్టే ఉంది," అంది కారిన్, జాగ్రత్తగా.

మెర్ల్ మిగిలిన సీసాలు అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాడు.

చదువరులు ఈ మనుషులను చూసి నవ్వుకుంటే నవ్వుకోవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ రేపు ఎవరైనా మిమ్మల్ని ఈ కథ ఎలా ఉందని అడిగితే మాత్రం తొందరపడి నోరు జారకండి. ముందు పక్కవారు ఏమన్నారో కనుక్కుని, ఆ తర్వాత చెప్పండి.